చెరిపిన తేదీ

మా పెదనాన్న టేపుల్ని మా పెదనాన్న చేతే చెరిపించారు.

ఇరవై ఏడేళ్ల కిందటి సంగతి. నేనింకా పుట్టలేదు. రేడియో కేంద్రం వాళ్లు జీపు వేసుకుని ఆయన ఇంటికొచ్చి, గోడ అలమరలో ఉన్న మూడు వందల పన్నెండు టేపుల్నీ అట్టపెట్టెల్లోకి సర్ది పట్టుకుపోయారు. నెల తిరక్కుండా విచారణ ముగించి ఉద్యోగం పీకేశారు. పీకేసి ఇంటికి పంపినా బాగుండేది. ఆఖరి రోజున ఒక పని అప్పగించారు. పట్టుకొచ్చిన టేపుల మీద ఉన్నదంతా చెరిపి, ఖాళీ టేపులుగా స్టోరుకి జమ చేయాలి. ఆ చెరిపే యంత్రాన్ని సరిగ్గా వాడటం ఆ కేంద్రంలో ఆయనొక్కరికే వచ్చు. అందుకని, దొంగ అని తేల్చిన మనిషినే పిలిచి కుర్చీ వేసి, దొంగసొత్తు అన్నదాన్ని ఆయన చేత్తోనే నాశనం చేయించారు. పొద్దున పదింటికి మొదలుపెడితే సాయంత్రం అయిదున్నరకి అయింది. మధ్యలో ఒకసారి టీ ఇచ్చారట. మా పెద్దమ్మ ఈ కథ ఎప్పుడు చెప్పినా ఆ టీ దగ్గర ఆగేది. "టీ కూడా ఇచ్చార్రా. మర్యాదస్తులు" అనేది.

పెదనాన్న పోయిన నెల పోయారు. రేడియోలో ఒక్క ముక్క చెప్పలేదు. చెబుతారని నేనేమీ కాచుకుని కూర్చోలేదు గానీ, ఆ పూట రేడియో పెట్టుకుని విన్నాను. వాతావరణం చెప్పారు.

ఆయన ఉద్యోగం టేపు గది అటెండరు. కిటికీలు లేని చల్లటి గది, ఇనప అరలు, అరల్లో నంబర్లు వేసిన అట్టపెట్టెలు. ఎవరికే టేపు కావాలన్నా తీసి ఇవ్వడం, తిరిగొచ్చాక అదే అరలో పెట్టడం, పుస్తకంలో రాయడం ఆయన పని. ఇంకో పని కూడా ఉంది. కొత్త టేపులకి ఎప్పుడూ కరువే కాబట్టి, నెలకోసారి పైనుంచి ఒక జాబితా వచ్చేది. పైన పెద్దక్షరాలతో 'చెరపవలసినవి' అని ఉండేది. ప్రసంగమైనా, పిల్లల నాటకమైనా, నలభై ఏళ్లు సాధన చేసిన మనిషి పాడిన రాగమైనా ఆ జాబితాకి ఒకటే. ఇన్ని టేపులు కావాలి, ఇన్ని చెరపండి. అంతే లెక్క.

ఆ యంత్రం చూడటానికి తూకం బల్లలా ఉండేదట. పని మొదలుపెట్టే ముందు చేతి గడియారం విప్పి పక్క గదిలో పెట్టాలి, లేకపోతే గడియారం చెడిపోతుంది. టేపు చుట్టని దానిమీద పెట్టి స్విచ్ నొక్కితే బల్లంతా గుయ్యిమంటుంది. చుట్టని మెల్లగా తిప్పుతూ, అంతకంటే మెల్లగా పైకెత్తి, చెయ్యి పూర్తిగా చాపాక అప్పుడు స్విచ్ వదలాలి. తొందరపడితే గుబుక్కుమనే చప్పుడొకటి టేపు మీద ఎప్పటికీ ఉండిపోతుంది. చెరపడంలో కూడా ఇంత నేర్పు ఉంటుందని ఆయన చెప్పినప్పుడు నాకు ఒళ్లు మండేది. ఆయన మాత్రం తన పని గురించి చెప్పుకునే ఏ పనివాడిలాగైనా చెప్పేవారు.

దానికో నియమం ఉంది. చెరిపే ముందు ప్రతి టేపునీ పది సెకన్లు వినాలి. పెట్టెలో ఉన్నది పెట్టె మీద రాసిందేనా అని చూసుకోవడానికి. ఆ పది సెకన్లే మా పెదనాన్న కొంప ముంచాయి. ఏడో తరగతితో చదువు మానేసిన మనిషి. సంగీతం ఎవరూ నేర్పలేదు, ఇంట్లో ఎవరూ పాడలేదు. ఒక ఉదయం ఫిడేలు టేపొకటి పెట్టి పది సెకన్లు విని ఆపబోయి ఆపలేకపోయారట. "వాక్యం మధ్యలో ఉన్న మనిషి నోరు మూసినట్టనిపించిందిరా" అన్నారు నాతో. ఆ టేపుని టిఫిన్ సంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చారు. వేలంలో కొని బాగుచేసుకున్న పాత యంత్రాల మీద తెల్లారేలోగా నకలు తీశారు. పొద్దున్నే అసలు టేపుని తిరిగి తీసుకెళ్లి, జాబితాలో ఉంది కాబట్టి చెరిపేశారు. ఆజ్ఞ తప్పలేదు. అసలు మీద ఆశపడలేదు. అలా పదకొండేళ్లు.

నకలు తీయడానికి ఖాళీ టేపు కావాలి కదా. ఎడిటింగ్ గదిలో కత్తిరించి చెత్తబుట్టలో పడేసిన ముక్కలు ఏరుకొచ్చేవారు. రెండు బారల ముక్క, పది బారల ముక్క. బ్లేడుతో ఏటవాలుగా కోసి, సన్నటి అంటు బిళ్లతో ఒకదానికొకటి అతికేవారు. ముప్పావుగంట పాటకి అరవై అతుకులు. అతుకొచ్చిన చోట పాట చిన్న మెట్టు దిగినట్టు తడబడుతుంది. ఈ పని చూసిన ఇరుగుపొరుగు ఆయనకి 'అతుకులాయన' అని పేరు పెట్టారు. ఆ పేరు ఆఫీసుకి కూడా పాకింది. ఆయనకదేమీ కష్టంగా లేదు. ఒక అతుకు ఊడితే మూడు రోజులు మనిషి అన్నం సరిగ్గా తినడని మాత్రం పెద్దమ్మ చెప్పేది.

ఇల్లంటే ఒక గది, ఒక వంటిల్లు. గదిలో అలమర ఉన్న గోడ వైపు తడిబట్టలు ఆరేయకూడదు, నూనె దీపం పెట్టకూడదు, మంచం జరపకూడదు. పెద్దమ్మ వచ్చినవాళ్లందరికీ ఒకటే చెప్పేది. "అత్తగారి పోరు లేని ఇల్లని మా నాన్న ఏరికోరి ఇచ్చాడమ్మా. వచ్చి చూద్దును కదా, గోడ నిండా మూడొందల మంది ముసలాళ్లు." అంటూనే వానాకాలం వస్తే ఆ ముసలాళ్లని ఒక్కొక్కరినీ దింపి, పొడిగుడ్డతో తుడిచి, మళ్లీ వరసలో పెట్టేది ఆవిడే.

ఆ వరస సంగతే అసలు విషయం. ఆఫీసులో ఎలా రాసేవారో ఇంట్లోనూ అలాగే రాశారు మా పెదనాన్న. ప్రతి పెట్టె వీపు మీదా ఆఫీసు నంబరు, పాడినవారు, రాగం, ఎన్ని నిమిషాలు, ఏ రోజు ప్రసారమైంది. అన్నిటికంటే అడుగున ఒక గడి, 'చెరిపిన తేదీ'. దొంగతనం చేసేవాడు ఎవడైనా దొంగసొత్తు మీద యజమాని పేరు, నంబరు రాసి, పైగా తేదీ వేసి గోడకి అమర్చుకుంటాడా? టేపు గదిలో జీవితం గడిపిన మనిషి తప్ప ఇంకెవరూ చేయని తప్పు అది. నంబరు లేని టేపు ఆయన దృష్టిలో టేపే కాదు.

ఆ గోడని చూసి మెచ్చుకున్న పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఆ కేంద్రంలో కార్యక్రమాల అధికారి. ముందు వార్తలు చదివేవాడు, గొంతు గంట కొట్టినట్టుండేది. అందరూ 'గొంతు సారు' అనేవారు. చెరపవలసినవాటి జాబితా మీద సంతకం పెట్టేది ఆయనే. ఆదివారం పూట అతుకులాయన ఇంటికొచ్చి, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని, తను సంతకం పెట్టి చంపించిన పాటల్ని కళ్లు మూసుకుని వినేదీ ఆయనే. "నువ్వు చేస్తున్న పని మేం చేయాల్సిందోయ్" అనేవాడట. పెద్దమ్మ టీ ఇచ్చేది. ఆ ఇంటి గాజుగ్లాసుల్లో అంచు పగలనిది ఒకటే ఉండేది. అది ఆయనకే.

ఇక 1147 నంబరు టేపు.

బడిలో ఆడపిల్లలకి కుట్లు నేర్పే టీచరు ఒకావిడ ఉండేది. బతుకంతా ఇంట్లోనే పాడుకుంది. ఎవరో చెబితే రేడియోకి అర్జీ పెట్టుకుంది, యాభై ఏడో ఏట పిలుపొచ్చింది. బడి నుంచి నేరుగా చేతిసంచీతో వచ్చి, నలభై రెండు నిమిషాలు గోడ గడియారం వైపు చూస్తూ పాడింది. ఆ రోజు స్టూడియోలో టేపు అందించడానికి ఉన్నది మా పెదనాన్నే. పాట అయ్యాక అధికారులు ఒకరితో ఒకరు ఏదో మాట్లాడుకుంటున్నారు. ఆవిడ ఇటు తిరిగి, "బాగానే వచ్చిందా నాయనా?" అని అడిగిందట. ఆయనని ఆ భవనంలో పాట గురించి అభిప్రాయం అడిగిన మొదటి మనిషి. ఆఖరి మనిషి కూడా. ఆయన తలూపారు. మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు. ఆవిడ మళ్లీ రేడియోలో పాడలేదు.

నాలుగేళ్ల తర్వాత ఆ టేపు నంబరు జాబితాలోకొచ్చింది. పెదనాన్న దగ్గర అతికి పెట్టుకున్న టేపు ఎనిమిది నిమిషాలు తక్కువ. రెండు రోజులు ఆగితే చెత్తబుట్టలో ముక్కలు దొరుకుతాయి. ఆగడానికి వీల్లేదు, సాయంత్రంలోగా జాబితా పూర్తిచేసి పంపమని గొంతు సారు రెండుసార్లు కబురు పెట్టాడు. పెదనాన్న గడియారం విప్పి పక్క గదిలో పెట్టి వచ్చారు. పెట్టె మీద 1147 అనే ఉంది. ఆ కేంద్రంలో ప్రతి టేపు మొదట్లో తెల్లటి ముక్క అతికించి, దానిమీద నంబరు రాసేవారు. ఆ రాత పెదనాన్నదే. ఆ రోజు మాత్రం లోపల ఉన్న టేపుకి మొదటి ముక్క ఆకుపచ్చగా ఉంది, నంబరు లేదు. ఎడిటింగ్ గదిలో ఎవరో ఆ ముక్క మార్చి ఉంటారనుకున్నారు. పది సెకన్లు వినాలి. అన్నేళ్లలో మొదటిసారి వినలేదు. వింటే చెరపలేనని భయపడ్డారు. ఆ గొంతుని మొదటి సెకనులోనే గుర్తుపడతానని తెలుసు. వినకుండా చుట్టని బల్ల మీద పెట్టి స్విచ్ నొక్కారు.

ఆ తర్వాత ఏడాదికి కుట్లు టీచరు పోయింది. ఆవిడ కూతురు కేంద్రానికి ఉత్తరం రాసింది. అమ్మ పాడిన పాట మీ దగ్గరుందట, ఒక్కసారి వినిపిస్తారా అని. జవాబు రాకపోతే రెండోది రాసింది, మూడోది పై ఆఫీసుకి రాసింది. ఆ మూడోదానితో పై ఆఫీసు నుంచి ప్రశ్న వచ్చింది. ఆ టేపు ఏమైంది, చెరపమని ఎవరు సంతకం చేశారు?

చెరిపించాం అని రాస్తే అయిపోయేది. అలా రాయలేదు. టేపు గదిలో దొంగతనం జరుగుతోందని రాశారు. ఎవరు చేస్తున్నారో తెలుసని, ఇంటి చిరునామా కూడా రాశారు. ఆ గోడ ముందు కూర్చుని టీ తాగిన మనిషికి చిరునామా రాయడం ఎంత సేపు?

విచారణలో బల్ల మీద పెట్టెలన్నీ పేర్చి అడిగారట, ఈ నంబర్లు ఎవరు వేశారని.

"నేనే సార్."

"ఆఫీసు నంబర్లు నీ ఇంట్లో పెట్టెల మీద ఎందుకు?"

"లేకపోతే ఏది ఏదో ఎలా తెలుస్తుంది సార్?"

గదిలో అందరూ నవ్వారని పెదనాన్నే చెప్పారు. ఆ మూడు వందల పన్నెండింటిలో 1147 లేదు. లేదు కాబట్టి అమ్ముకున్నాడని తేల్చారు. ఉన్నవి దొంగిలించినందుకు సాక్ష్యం, లేనిది అమ్ముకున్నందుకు సాక్ష్యం. నేను పనిచేసే పాత కాగితాల దుకాణానికి తూకానికొచ్చిన తర్కశాస్త్రం పుస్తకాలు రెండు మూడు చదివాను. ఇలాంటి తర్కం వాటిలో ఎక్కడా లేదు.

ఉద్యోగం పోయాక ఆయన ఒక మెట్ల కింద చిన్న దుకాణం పెట్టుకున్నారు. ఇస్త్రీ పెట్టెలు, మిక్సీలు, టేపు రికార్డర్లు బాగుచేసేవారు. మొదటి ఏడాది ఇంట్లో రేడియో పెట్టలేదు. రెండో ఏడాది ఒక పొడుగాటి నోటుబుక్కు కొని, పోయిన మూడు వందల పన్నెండు టేపుల వివరాలు నంబర్లతో సహా జ్ఞాపకం నుంచి వరసగా రాశారు. మూడు వందల పదమూడోదిగా 1147 రాశారు. చెరిపిన తేదీ గడిలో తేదీ వేశారు. ఆ ఒక్కదానికే ఎర్ర సిరా.

అప్పుడు వెతకడం మొదలుపెట్టారు. ఆ పాటలన్నీ ఎప్పుడో ఒకప్పుడు ప్రసారమైనవే. ఎవరో ఒకరు రేడియో ముందు టేపు రికార్డరు పెట్టి ఎక్కించుకునే ఉంటారు. దుకాణానికి బాగుచేయించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లనీ అడిగేవారు. మీ ఇంట్లో పాత క్యాసెట్లున్నాయా, నాన్నగారు పాటలు ఎక్కించేవారా, అటక మీద చూశారా? కూలి వద్దు, ఒక పూట ఇవ్వండి, నకలు తీసుకుని ఇచ్చేస్తాను. సైకిలు మీద ఊరంతా తిరిగారు. కొన్నిచోట్ల గుమ్మంలోనే నిలబెట్టారు. ఒక పళ్ల డాక్టరు భార్య, తన భర్త ఎక్కించుకున్న సంగీతమంతటి మీదా సినిమా పాటలు ఎక్కించేశానని గర్వంగా చెప్పిందట. ఒక దర్జీ దగ్గర దొరికిన దాంట్లో పాట కింద కుట్టుమిషను ఆగకుండా నడుస్తుంటుంది. ఇంకో దాంట్లో సరిగ్గా రాగం పైకి వెళ్లేటప్పుడు పసిపిల్లాడు ఏడుపు లంకించుకుంటాడు. ఆ పసిపిల్లాడు ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నాడు. సంగతి తెలిసి వచ్చి, బొజ్జ మీద చేతులు పెట్టుకుని తన ఏడుపు తనే విని, పాట అక్కర్లేదు, ఆ ఏడుపు వరకూ నకలు ఇమ్మన్నాడు. పెదనాన్న ఇచ్చారు. పెట్టె మీద నంబరు కూడా వేసి ఇచ్చారు.

అలా ఇరవై అయిదేళ్లలో రెండు వందల నాలుగు దొరికాయి. దొరికినప్పుడల్లా నోటుబుక్కులో టిక్కు. 1147 ఎవరి దగ్గరా లేదు. ఆవిడ పేరే ఎవరూ విననప్పుడు, ఎవరు ఎక్కించుకుంటారు? ఆయన మాత్రం ప్రతి ఇంట్లోనూ ఆఖరి ప్రశ్నగా అదే అడిగేవారు. "నా చేత్తో చెరిపింది అదొక్కటేరా" అనేవారు. నాకు అర్థమయ్యేది కాదు. మూడు వందల పన్నెండు చెరిపించారు కదా అంటే, "అవి వాళ్లు చెరిపారు. ఇది నేను" అనేవారు.

నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఆ ఇంట్లోనే ఎక్కువ పెరిగాను. పదో తరగతి తప్పి, పాత కాగితాల దుకాణంలో కుదిరాను. అక్కడికొచ్చిన పుస్తకాలు కట్ట కట్టే లోపల చదవగలిగినన్ని చదవడం నా చదువు. చదివే కొద్దీ నాకు కోపం పెరిగేది, పెదనాన్నకి ఎందుకు పెరగదో తెలిసేది కాదు. గొంతు సారు పదవీ విరమణ చేసి చాలా ఏళ్లయినా సభల్లో మాట్లాడుతూనే ఉండేవాడు. ఒకసారి ఇద్దరం వెళ్లాం. మన సంగీత సంపదని కాపాడుకోలేకపోతే భావితరాలు క్షమించవని అన్నాడు. నేను లేవబోయాను. పెదనాన్న నా మణికట్టు పట్టుకున్నారు. అయ్యాక చప్పట్లు కూడా కొట్టారు. ఎందుకు కొట్టారని దారంతా పోట్లాడాను. "మాట బాగా పలుకుతాడ్రా. అది మాత్రం నిజమే కదా" అన్నారు.

నిరుడు గొంతు సారు పోయాడు. రేడియోలో అరగంట చెప్పారు. నాలుగు నెలలకి ఆయన ఇల్లు పడగొట్టడానికిచ్చి, సామాను తూకానికి మా దుకాణానికి పంపారు. పుస్తకాల కింద ఒక బిస్కెట్ల డబ్బా ఉంది, మూత మీద ఆయన పేరు. తెరిస్తే పాత సన్మాన పత్రాలు, వాటి కింద ఒక టేపు చుట్ట. మొదటి ముక్క తెల్లగా ఉంది. దానిమీద 1147 అని మా పెదనాన్న చేతిరాత.

దుకాణం మధ్యలో అలాగే కూర్చుండిపోయాను. ఆకుపచ్చ ముక్క ఎవరు పెట్టారో, రెండుసార్లు ఎందుకు కబురు పెట్టారో అప్పుడర్థమైంది. ఆయనకీ ఆ పాట కావాల్సొచ్చింది. అసలుదాన్ని సంచీలో వేసుకుని, పెట్టెలో ఏదో పనికిరాని టేపు పెట్టి, చెరపమని పంపాడు. ఒకే పాట మీద ఇద్దరు ఆశపడ్డారు. ఒకరు నకలు తీసుకుని అసలు తిరిగిచ్చే రకం, ఒకరు అసలే పట్టుకుపోయే రకం. ఉద్యోగం మొదటివాడిది పోయింది.

తీసుకెళ్లి పెదనాన్న చేతిలో పెట్టాను. ఆ తెల్ల ముక్కని బొటనవేలితో తడుముతూ, "పది సెకన్లు వినుంటే" అన్నారు. అంతే.

నేను మర్నాడే రేడియో కేంద్రానికి వెళ్లాను. ఇప్పుడక్కడున్న అధికారి నా ఈడువాడు, మర్యాదగానే విన్నాడు. పాత కేసు తిరగతోడవచ్చన్నాడు. కాకపోతే అసలు టేపుని వినకుండా, డబ్బాతో సహా అప్పగించాలి. కమిటీ ముందు వాళ్ల యంత్రం మీద వాళ్లే వింటారు. ఆ తర్వాత అది సాక్ష్యంగా ఫైల్లో ఉంటుంది. నేను గాల్లో తేలుతూ తిరిగొచ్చాను.

పెదనాన్న టేపు కొస పట్టుకుని వేలి మీద మెల్లగా లాగి చూపించారు. వేలికి గోధుమరంగు పొడి అంటుకుంది. "పాత టేపుకి రోగమొచ్చిందిరా. పూత రాలిపోతోంది. ఒక్కసారి తిరుగుతుంది. రెండోసారికి పాట ఉండదు, ఉత్త ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది."

"అయితే ఆ ఒక్కసారీ వాళ్ల ముందే తిరగాలి. అప్పుడే కదా మీ పేరు మీద మచ్చ పోయేది."

"వాళ్ల యంత్రం మీద పెడితే సగంలో పట్టేసి తెగుతుంది. నడపడం ఎవరికొచ్చక్కడ?"

"తెగితే తెగనివ్వండి. మొదటి పది సెకన్లు చాలు మనకి."

అది అనకుండా ఉండాల్సింది. ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. "దానిమీదున్న రాత ఎవరిది?" అన్నారు. "నాదేగా. పోయినసారీ సాక్ష్యం నా చేతిరాతే. ఈసారి నేనే ఎత్తుకెళ్లి ఆయనకిచ్చానంటారు. అప్పుడు పాటా పోతుంది, పేరూ రాదు."

నేను వినలేదు. డబ్బా మీద పేరుంది, మా దుకాణం రసీదుంది, ఆ అధికారి మంచివాడు అని వాదించాను. పెద్దమ్మ వంటింట్లోంచి వచ్చి, "నీ మచ్చా వద్దు, వాళ్ల కమిటీ వద్దు. నన్ను కూడా విననివ్వు. ఏ పాట కోసం ఈ ఇల్లు మునిగిందో నేనింతవరకూ వినలేదు" అంది.

ఆయన గడియారం విప్పి వంటింటి గూట్లో పెట్టి వచ్చారు. వినడానికి గడియారం విప్పక్కర్లేదు. అలవాటు. రెండు యంత్రాలు పక్కపక్కన పెట్టి, ఒకదాని మీద 1147, రెండోదాని మీద కొత్త టేపు ఎక్కించారు. పట్టపగలు తలుపులు వేసుకున్నాం.

ముందు ఎవరో దగ్గారు. తర్వాత శ్రుతి. తర్వాత ఆవిడ. గొప్ప గొంతేమీ కాదు, ముక్కులోంచి వచ్చే సన్నటి గొంతు. కానీ ఒక్కో స్వరాన్నీ పట్టుకుని, సూదిలో దారం ఎక్కించేటప్పుడు మనిషి ఊపిరి బిగబట్టినట్టు నిలిపేది. మూడు నిమిషాలకోసారి పొడి పేరుకుని గొంతు మసకబారేది. పెదనాన్న ఆపి, గుడ్డతో యంత్రం తుడిచి, ఆపిన చోట నుంచి మళ్లీ నడిపేవారు. నలభై రెండు నిమిషాల పాటకి పొద్దు గూకింది. ముక్కలన్నీ అతికితే పద్నాలుగు అతుకులయ్యాయి. అసలు టేపుని వెలుతురుకి ఎత్తి చూపించారు. పట్టీ గుండా కిటికీ చువ్వలు కనిపించాయి.

"మళ్లీ మీ చేత్తో మీరే చెరిపేశారు" అన్నాను. గట్టిగానే అన్నాను. పక్క వాటావాళ్లకి కూడా వినిపించి ఉంటుంది. చెప్పులు వేసుకుని వచ్చేశాను. రెండు నెలలు ఆ గుమ్మం తొక్కలేదు. ఆ మధ్యలో కుట్లు టీచరు కూతురి చిరునామా ఆయనే వెతికి, నకలు పంపారట. ఆవిడా ఇప్పుడు ముసలిదే. ఫోను చేసి, "అమ్మే" అని పెట్టేసిందట. ఇది పెద్దమ్మ మా అమ్మకి చెబితే అమ్మ నాకు చెప్పింది. విన్నా నా కోపం తగ్గలేదు. ఆ కేంద్రం పుస్తకాల్లో ఆయన పేరు పక్కన ఏం రాసుందో అదే ఉంది. ఈ పాటతో అది మారదు.

ఆయనకి ఒంట్లో బాగాలేదంటే వెళ్లాను. అలమర కింద చాప మీద గోడకానుకుని కూర్చున్నారు, ఒళ్లో ఆ పొడుగాటి నోటుబుక్కు. మనిషి సగమయ్యారు. పెద్దమ్మ నన్ను చూసి, "వచ్చాడు జడ్జిగారు" అని లోపలికి పోయింది. గ్లాసు చప్పుడైంది, కాబట్టి టీ పెడుతోందని అర్థమైంది.

ఆయన నోటుబుక్కు తిప్పి నా ముందు పెట్టారు. ఆఖరి వరస. 1147. ఎర్ర సిరాతో ఉన్న చెరిపిన తేదీని ఒక్క గీతతో కొట్టేసి ఉంది. నిమిషాల పక్కన చిన్న అక్షరాలతో 'అతుకులు 14' అని ఉంది.

"కోపం పోయిందా?" అన్నారు.

"పోలేదు."

"పోనివ్వకు. కానీ నా మీద పెట్టుకుని ఏం లాభం?"

నేను ఊరుకోలేదు. ఆ మంచంపట్టిన మనిషితో కూడా వాదించాను. "వాళ్ల కాగితాల్లో మీరింకా దొంగే పెదనాన్నా. రేపు మీరు పోయాక కూడా దొంగే" అన్నాను.

ఆయన నవ్వారు. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు ఆగాక, వెనక్కి చెయ్యి చాపి, అలమరలోంచి వీపు మీద 1147 అని రాసిన కొత్త పెట్టె ఒకటి తీసి నా ఒళ్లో పెట్టారు.

"దొంగన్నాక ఎత్తుకుపోయిన సరుకు ఇంట్లో ఉండాలి కదరా. ఇరవై ఏడేళ్లు సరుకు లేని దొంగగా బతికాను. ఇదిగో, ఇప్పుడుంది. ఇప్పుడనమను."